ఎవరూ లేని ఒడ్డు వెతికే డ్రైవరు పని

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం ఐదున్నర. కువైట్‌లో, సాల్మియాలో మా యజమాని బాబా ఇంటి వాకిట్లో కూర్చుని నేను రబ్బరు పడవ ఊదుతున్నాను. కాలితో తొక్కే పంపు. తొక్కితే కుయ్యిమంటుంది, వదిలితే బుస్సుమంటుంది. ఆరింటికి ఇంటిల్లిపాదీ బయలుదేరి సౌదీ, జోర్డాన్, సిరియా దాటి టర్కీ సముద్రపు ఒడ్డుకు పోవాలి. పడవకు చిల్లు ఉందేమో చూడమని యజమానురాలు మామా పురమాయించింది. రాత్రే చూసి మడిచి పెట్టానంటే వినలేదు. మళ్లీ ఊదమంది.

నగరం వైపు నుంచి దబ్బుమని చప్పుళ్లు వచ్చాయి. ఇంట్లో పని చేసే సుబ్బమ్మ టీ గ్లాసుతో బయటికొచ్చింది.

"మస్తానన్నా, ఏందీ టపాకాయలు? పెండ్లేమన్నానా?"

"పొద్దన్నే పెండ్లేందమ్మా. యాడన్నా గ్యాసు పేలింటాది."

పడవ పూర్తిగా ఊదేసరికి ఆకాశంలో విమానాలు తిరుగుతున్నాయి. అది పెళ్లి కాదు, గ్యాసూ కాదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. ఆ సంగతి చెబుతాను. దానికి ముందు నా పని ఏమిటో చెప్పాలి. అది తెలియకపోతే ఆ రోజు మేం చేసిన పిచ్చిపనులు మీకు అర్థం కావు.

ఇంటి డ్రైవరంటే

రాయచోటిలో మా ఇంటికి కుర్రవాళ్లు వస్తుంటారు. కువైట్‌కు డ్రైవరు వీసా వచ్చిందని చెప్పి, జీతమెంత, గదిలో ఏసీ ఉంటుందా, శుక్రవారం సెలవా అని అడుగుతారు. పనేమిటని ఒక్కడూ అడగడు. బండి తోలడమే పని అనుకుంటారు. బండి తోలడం అందులో అన్నిటికన్నా తేలిక. అసలు పని కాచుకుని ఉండడం. బడి ముందు, ఆసుపత్రి ముందు, పెళ్లింటి ముందు, బంగారు కొట్టు ముందు ఎండలో కాచుకుని, పిలవగానే నిద్ర మొహం కనబడకుండా లేవడం. రెండోది, వాళ్ల ఇంటి తగాదాలు వెనక సీట్లో జరుగుతుంటే చెవులు లేనట్టు కూర్చోవడం. ఈ రెండూ రానివాడు మంగఫ్ వైపు కంపెనీ బస్సుల్లో పనికి పోవడం మేలు.

నాకు అప్పుడు చదువు రాదు. అక్షరాలు నేర్చుకున్నది వెనక్కి వచ్చాక, యాభై దాటాక, మా వీధి బడి ఆయమ్మ దగ్గర. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ రోడ్డు బోర్డులు నాకు బొమ్మలే. మలుపులు గుర్తు పెట్టుకుని తోలేవాణ్ని. అందులో గొప్పేమీ లేదు. తప్పిపోయిన సార్లు చాలా ఉన్నాయి, తిట్లూ తిన్నాను.

మామా షరతు

ఇంటి యజమానురాల్ని మామా అంటాం, యజమానిని బాబా అంటాం. మా మామా మంచిదే. జీతం ఆపలేదు, చెయ్యి ఎత్తలేదు. కానీ ఆమెకు ఒక పిచ్చి ఉండేది. వేసవి వస్తే సముద్రపు ఒడ్డు కావాలి. మిద్దె ఎక్కితే సముద్రమే కనబడుతుంది కదా, ఇంకో సముద్రం దేనికని నేను సుబ్బమ్మతో అంటే, "ఇవి ఉడుకు నీళ్లన్నా, కూరలో పోసుకోను పనికొస్తాయిగానీ మునగను పనికిరావు" అనేది. సుబ్బమ్మది లక్కిరెడ్డిపల్లె పక్క. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, వండితే ఇంటికి నలుగురు ఎక్కువ తినాల్సిందే.

మామాకు కావలసింది తెల్ల సముద్రం. అరబ్బులు దాన్ని అట్లా పిలుస్తారు. మన పుస్తకాల్లో మధ్యధరా సముద్రం అని ఉంటుంది. చూస్తే తెల్లగా ఏమీ ఉండదు. నీలంగా ఉంటుంది, రాళ్ల దగ్గర పచ్చగా ఉంటుంది. విమానంలో పోవచ్చు. ఆమెకు బండి కావాలి, ఎందుకంటే గొడుగు, కుర్చీలు, బొగ్గుల పొయ్యి, చాపలు, బియ్యం, నీళ్ల డబ్బాలు, ఆ రబ్బరు పడవ విమానంలో పట్టవు. పైగా విమానం ఎక్కడ దించితే అక్కడే దిగాలి. మామా షరతు అందుకు ఒప్పుకోదు. ఆమె కూర్చునే ఒడ్డున ఇంకో కువైటీ ఉండకూడదు. అదీ షరతు.

మొదటి ఏడు సిరియాలో లటాకియా ఒడ్డుకు పోయాం. సాల్మియా అంతా అక్కడే ఉంది. మా పక్కింటి గొడుగు మా గొడుగుకు తగులుతోంది. మామా నన్ను చూసింది, వాళ్లను నేను పిలుచుకొచ్చినట్టు. మరుసటి ఏడు ఇంకా పైకి, టర్కీలోకి పోయి, కొండల కింద ఒక చిన్న ఒడ్డు పట్టుకున్నాను. మూడు వైపులా బండలు, మధ్యలో మన ఇంటి పెరడంత ఇసుక. మామా పొంగిపోయింది. ఆ పై ఏడు అక్కడికి పోతే మూడు కువైట్ నంబరు బండ్లు నిలబడి ఉన్నాయి.

"వీళ్లకు ఎవరు చెప్పారు, మస్తాన్?"

"నువ్వే మామా."

"నేనా? నేను ఒక్క ఉమ్ నాసర్‌కే చెప్పాను."

ఉమ్ నాసర్ అంటే నాసర్ తల్లి. ఆ ఒక్క ఆమెకు చెబితే చాలదా! నేను ఏడాదికొక ఒడ్డు వెతకడం, ఆమె దాన్ని ఆడవాళ్ల కూటమిలో చెప్పేయడం, వచ్చే ఏడు మళ్లీ నేను కొండలెక్కడం. ఈ లెక్కన ఆ తీరం మొత్తం నేనే కువైట్ వాళ్లకు పంచి పెట్టి ఉంటాను.

గన్నేరు దిగిన చోట

వెతకడం ఎట్లాగో చెబుతాను. ఈ విద్య మీకు పనికి రాదు, అయినా చెబుతాను.

ఆ తీరంలో కొండలు నేరుగా సముద్రంలో దిగుతాయి. రోడ్డు ఎత్తున పోతుంది. కిందికి చూస్తే నీళ్లే గానీ ఒడ్డు కనబడదు. మామా ఒళ్లో పటం పరుచుకుని కూర్చునేది. ఆమె తిప్పమన్న చోట తిప్పితే ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. నా బుద్ధితో తిప్పిన చోట ఒకసారి మేకల దొడ్డి, ఇంకోసారి సైన్యం కంచె వచ్చాయి. హోటలు వాళ్లను అడిగితే తమ బావమరిది కొట్టు ఉన్న ఒడ్డు చెబుతారు. ఇట్లా తిరిగి తిరిగి విసుగెత్తి ఒక పూట బండి ఆపి కూర్చున్నప్పుడు, కింద లోయలో ఎర్రగా ఒక గీత కనబడింది. గన్నేరు. మా ఊరి వాగుల్లో వంకల్లో ఉన్నట్టే, ఎండిన వంక పొడుగునా గన్నేరు పూసింది. వంక ఉంటే వానకు నీళ్లు పారతాయి. నీళ్లు పారితే రాయినీ ఇసుకనూ సముద్రం దాకా తోసుకుపోతాయి. అక్కడ కొండ తెగి ఉంటుంది, చిన్న ఒడ్డు ఉంటుంది. అంతే విద్య. గన్నేరు పట్టుకుని దిగడమే.

మొదటిసారి ఆ ఉత్సాహంలో బండినే వంకలోకి దించాను. చక్రాలు గులకరాళ్లలో ఇరుసు దాకా కూరుకుపోయాయి. కంచర గాడిద మీద వచ్చిన ఒక ముసలాయన చూసి, తన భాషలో ఏదో అని కడుపుబ్బ నవ్వి, పోయి ట్రాక్టరు తెచ్చాడు. బాబా చెట్టు నీడలో రేడియో పెట్టుకుని అదంతా చూశాడు. "మస్తాన్, నాకు నీడ, టీ చాలు. సముద్రం నీకూ మామాకూ మధ్య సంగతి" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. అన్నీ చల్లారాక లేస్తాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అప్పటి నుంచి బండి పైనే ఆపి ముందు నడిచి దిగేవాణ్ని. గాడిద పేడ ఉంటే దారి నీళ్ల దాకా పోతుంది. కొత్త టైరు గుర్తులుంటే వెనక్కి తిరగాలి, ఎవరో కాపురం పెట్టేశారు. మెత్తటి చోట టైర్లలో గాలి తగ్గించి, చక్రాల కింద ఈతచాపలు పరిచి, వెనక చాప ముందుకు వేసుకుంటూ దాటించాలి. మామా చాపలు అందుకే నలిగి ఉండేవి. అందుకూ నన్నే తిట్టేది.

1989లో దొరికిన ఒడ్డు అన్నిట్లోకీ మేలైనది. తెల్ల గులకరాళ్లు, పక్కనే పడుకున్న బర్రెల్లాంటి రెండు బండలు. మోకాటి లోతు పోతే అడుగున రాళ్ల సందుల్లోంచి మంచినీళ్లు ఊరుతున్నాయి. ఐసులా చల్లన. సుబ్బమ్మ దోసిట్లో పట్టి తాగి కేక పెట్టింది.

"మస్తానన్నా! సముద్రంలో చెలమ ఉండాదన్నా! ఉప్పు లేదు!"

మామా అబాయా అంచు ఎత్తి పట్టుకుని పరుగున వచ్చింది. ఇద్దరికీ ఈత రాదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, జారతామని అరుచుకుంటూ, చెలమ మీద నిలబడి సాయంత్రం దాకా కదలలేదు. చెప్పకుండా ఉండలేను, ఆ చోటు చాలా బాగుంది. ఆ ఒక్క ఒడ్డు సంగతి మామా ఎవరికీ చెప్పలేదు. ఉమ్ నాసర్‌కు కూడా. 1990లో మేం బయలుదేరింది మళ్లీ అక్కడికే.

ఆ రోజు

ఏడింటికల్లా సంగతి తెలిసిపోయింది. బ్నీద్ అల్ గార్ నుంచి బాబా చెల్లెలు హయా ఫోన్ చేసింది, తమ వీధిలో ట్యాంకులు నిలబడ్డాయని. ఆమె భర్త ఎప్పుడో చనిపోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. తొమ్మిదింటికి ఎవరి బండిలోనో పిల్లలతో మా ఇంటికి చేరింది, కాళ్లకు చెప్పులు లేవు.

అప్పుడే పోవాల్సింది. బండి సిద్ధంగా ఉంది, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, పాస్‌పోర్టుల్లో నాకూ సుబ్బమ్మకూ సౌదీ దాటే వీసాలు ఉన్నాయి. ఒడ్డుకు పోవడానికి వేయించినవి. బాబా మాత్రం రేడియో తిప్పుతూ కూర్చున్నాడు. ఒక్కో స్టేషన్ ఒక్కో మాట చెబుతోంది. నేను గుమ్మం దగ్గరికి పోయి "బాబా, యల్లా, పోదాం" అంటే చెయ్యి ఊపాడు. పదకొండింటికి మళ్లీ పోయాను. టీ అడిగాడు. మీ యజమాని ఎంత మంచివాడైనా, మంటలు కనబడుతుంటే టీ అడిగే రకమైతే, మీ జాగ్రత్త మీరు పడండి.

మధ్యాహ్నం దాటాక లేచాడు. అప్పుడు సీట్ల లెక్క మొదలైంది. సామాను పట్టాలని మామా చివరి వరుస సీటు పీకించి గ్యారేజీలో పెట్టించింది. ఆ చోటంతా పైకప్పు దాకా ఒడ్డు సామాను. ముందు బాబా, నేను, మధ్యలో పిల్లాడు. నడిమి వరుసలో మామా, హయా, ముగ్గురు ఆడపిల్లలు. అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. సుబ్బమ్మ గుమ్మంలోనే ఉంది.

"సుబ్బా ఇల్లు చూసుకుంటుంది. రెండు రోజులే. పనిమనిషిని సైనికులేం చేస్తారు?" అంది మామా.

"ఏం చేస్తారో నీకెట్లా తెలుసు మామా?"

"మస్తాన్, మాటలొద్దు. యల్లా."

నేను తాళం చెవి పీకి జేబులో వేసుకుని బండి దిగి మెట్టు మీద కూర్చున్నాను.

"మస్తాన్! టైం లేదు!" అన్నాడు బాబా.

"టైం పొద్దున్నుంచీ ఉండె బాబా. నువ్వు రేడియో వింటివి."

నా జీవితంలో ఆయనతో అట్లా మాట్లాడింది అదొక్కసారే. సుబ్బమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "అన్నా, నా కోసరం తగువొద్దు. నేనుంటాలే. తలుపులేసుకుంటా." ఆమె నడుముకు ఇంటి తాళాల గుత్తి వేలాడుతోంది. మామా అప్పటికే ఇచ్చేసింది! ఆ గుత్తి చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

"నువ్వూరకుండమ్మా," అని లేచి వెనక తలుపు తీశాను. గొడుగు వాకిట్లోకి విసిరాను. కుర్చీలు, బొగ్గుల పొయ్యి, బంతులు, ఒకదాని వెనక ఒకటి పోయాయి. మామా దిగి పరుగెత్తుకొచ్చి చాపల కట్ట మీద కూర్చుంది.

"చాపలివ్వను. అక్కడన్నీ గులకరాళ్లు. పిల్లల కాళ్లు కాలతాయి."

"ఏ రాళ్లు మామా? ఏ ఒడ్డు?"

ఆమె కట్టను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. అప్పుడు నాకు అర్థమైంది, చాపలు దింపేస్తే ఇంక ఆ ఒడ్డు లేదని ఆమె ఒప్పుకున్నట్టు. నాకు వాదించే ఓపిక అయిపోయింది. బియ్యం, నీళ్లు, చాపలు ఉంచి మిగతావి దింపేశాను. సుబ్బమ్మను రెక్క పట్టుకుని ఎక్కించి చాపల కట్ట మీద కూర్చోబెట్టాను. మామా తాళాలు వెనక్కి అడిగి తీసుకుంది.

ఊదిన రబ్బరు పడవ వాకిట్లోనే ఉండిపోయింది.

ఉప్పు నేల

మంగఫ్ దాటి దక్షిణానికి పోతుంటే ముందు బండ్లు వెనక్కి తిరుగుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా సైనికులున్నారని కేకలేసి చెప్పారు. నేను సముద్రం వైపు తిప్పాను. అక్కడ కువైట్ వాళ్ల విడిది ఇళ్లుంటాయి, వాటి వెనక ఇసుక బాటలుంటాయి. వారం వారం తోలిన దారులే. బాటలు అయిపోయిన చోట తెల్లగా పెచ్చు కట్టిన ఉప్పు నేల వచ్చింది. దాన్ని దాటితే మళ్లీ గట్టి నేల, సరిహద్దు రోడ్డు.

నా పద్ధతి ప్రకారం దిగి నడిచి చూశాను. గట్టిగానే ఉంది. బండి దించాను. నా బరువుకు ఆగిన పెచ్చు తొమ్మిది మంది ఉన్న బండికి ఆగలేదు. పగిలింది, కింద నల్లటి బురద. చక్రాలు దిగిపోయాయి. నడిచి చూస్తే చాలదని అట్లా తెలిసింది.

"చాపలు!" అంది సుబ్బమ్మ, తన కింది కట్టను తోసేస్తూ. "మామా, దిగు! బాబా, దిగు! అందరూ దిగండి!"

టైర్లలో గాలి తీశాను. చాపలు పరిచాం. బాబా తెల్లటి దిష్‌దాషా అంగీని నడుము దాకా ఎగగట్టి భుజం పెట్టాడు. ఆయన ఒక పని మొదట్లోనే అందుకోవడం నేను చూసింది అప్పుడే. మామా ఒక పక్క, సుబ్బమ్మ ఇంకో పక్క.

"మామా, వెనక చాప లాగు! ముందరెయ్యి! అట్ల కాదు, అడ్డంగా! అబ్బా, ఒక్క పనీ రాదే నీకు!"

సుబ్బమ్మకు కంగారులో అరబీ పోయి తెలుగే వస్తోంది. మామాకు ఒక్క ముక్కా తెలియదు. అయినా ఆమె చెప్పినట్టే చేస్తోంది. ఇద్దరూ బురదలో చాపలు లాక్కుంటూ ముందుకూ వెనక్కూ పరుగెత్తారు. నేను బండిని చాప వెంట చాప నడిపించాను. గట్టి నేల ఎక్కేసరికి చాపలు పీలికలైపోయాయి. వాటిని అక్కడే వదిలేశాం. మామా వెనక్కి తిరిగి చూడలేదు. బండెక్కేటప్పుడు కూతుర్ని హయా ఒళ్లోకి జరిపి, సుబ్బమ్మను తన పక్కన కూర్చోబెట్టుకుంది.  వెనక బియ్యం మూట మీద హయా పిల్లల్లో ఒకతి కూర్చుంది.

ఎండ తగ్గాక సరిహద్దు చేరాం. అధికారి కాగితం ఇచ్చి, బండిలో ఎవరెవరున్నారో రాయమన్నాడు. బాబా రాశాడు. అధికారి గట్టిగా చదివాడు. వాళ్ల ఏడుగురి పేర్లు వచ్చాయి. చివర "దరేవల్, ఖద్దామా" అని చదివాడు. డ్రైవరు, పనిమనిషి. మేం చేతులెత్తాం.

"అన్నా, మనకు పేర్లు లేవా?" అంది సుబ్బమ్మ.

"కాగితంలో చోటు సాలలేదేమో."

ముప్పాతిక వంతు ఖాళీగా ఉంది కాగితం. నాకు చదవడం రాకపోయినా ఖాళీ కనబడుతుంది కదా. బాబా మీద కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా, ఆ పెన్ను లాక్కుని రాయడం నాకు రాదే అని వచ్చింది.

సౌదీ నుంచి మేమిద్దరం మన దేశం వచ్చేశాం. యుద్ధం అయిపోయాక నేను మళ్లీ అదే ఇంటికి పనికి పోయాను. సుబ్బమ్మ పోలేదు, "ఇంగ సాలన్నా" అంది. సాల్మియా ఇంట్లో సామానంతా ఎవరో ఊడ్చి పెట్టుకుపోయారు. మామా గోడలు చూసింది, పొయ్యి లేని వంటిల్లు చూసింది. చూసి, వాకిట్లోకొచ్చి, "మస్తాన్, నా పడవ ఏది?" అంది. ఇట్లాంటి వాళ్లతో వేగాలి మీరు. పోయేముందు బాగా ఆలోచించుకోండి.

ఇప్పుడు నాకు రాయడం వచ్చు. ఆ రోజు బండిలో ఉన్నవాళ్లను వరసగా రాస్తున్నాను. బాబా అబూ సాలెం. మామా ఉమ్ సాలెం. వాళ్ల కొడుకు సాలెం, కూతురు నూరా. బాబా చెల్లెలు హయా, ఆమె కూతుళ్లు మరియం, షేఖా. రాయచోటి షేక్ మస్తాన్. లక్కిరెడ్డిపల్లె పక్క నుంచి వచ్చిన గంగిరెడ్డి సుబ్బమ్మ.